వ్యాయామ శిక్షణ కథ: మైలో దూడ నుంచి మన మైదానం దాకా

 

ఈ స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు ఒక షరతు పెట్టారు. "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తున్నారు. మీరు ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేశారు కదా. ఆటగాళ్ళకు శిక్షణ ఇవ్వడం అన్నది ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో రాయండి" అన్నారు. ఒప్పుకున్నాను. అందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, స్వర్ణోత్సవ నిధితో బడి ఆవరణలో వ్యాయామశాల కట్టించాలని మన కార్యవర్గం అనుకుంటోంది. రెండోది నా ఎడమ మోకాలు.

మోకాలి సంగతి ముందు చెప్తాను. నేను 1984 పదో తరగతి బ్యాచ్. తొమ్మిదిలో ఉండగా జోనల్ పోటీలకు 800 మీటర్ల పరుగులో నా పేరు రాశారు. పొద్దున్న ఆరింటికి మైదానం చుట్టూ పది రౌండ్లు, ఆపైన వంద గుంజీళ్ళు, ఆ చివరి నుంచి ఈ చివరికి కప్పగంతులు. ఆరో తరగతి పిల్లాడికీ, మీసం వచ్చిన పదో తరగతి వాడికీ అదే లెక్క. నెల తిరక్కుండానే నా మోకాటి చిప్ప కింద చిన్న బొడిపె లేచింది. మెట్లెక్కితే నొప్పి, కూర్చుని లేస్తే నొప్పి. డ్రిల్లు మాస్టారికి చూపిస్తే "పరిగెడితే అదే పోతాదిరా" అన్నారు. పోలేదు. జోనల్స్‌లో రెండో రౌండు సగంలో ఆగిపోయాను. ఆ తర్వాత మళ్ళీ పోటీలో పరిగెత్తలేదు.

ఆయనను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. తెల్లవారుజామున మాకంటే ముందు మైదానంలో ఉండేవారు. టోర్నమెంటుకు తీసుకెళ్తే తన జేబులోంచి తీసి ఇడ్లీలు పెట్టించేవారు. ఆయన ఏది నేర్చుకున్నారో అదే మాకు నేర్పారు. అయితే తర్వాత నేను బి.పి.ఇడి. చదువుతున్నప్పుడు ఒక పాఠం దగ్గర ఆగిపోయాను. ఆ బొడిపె గురించి 1903లోనే బోస్టన్‌లో రాబర్ట్ ఆస్‌గుడ్, జ్యూరిచ్‌లో కార్ల్ ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా రాశారట. ఎముకలు వేగంగా పెరిగే వయసులో, తొడ కండరం కాలి ఎముకను పట్టుకునే చోట పదే పదే లాగుడు పడితే అలా అవుతుంది. కొన్నాళ్ళు పరుగు, గెంతులు తగ్గిస్తే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఎనభై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి మా మైదానం గేటు దాటి లోపలికి రాలేదన్నమాట.

శిక్షణ చరిత్ర అంతా నాకు ఆ గేటు దగ్గర నిలబడి చూసినట్టే కనిపిస్తుంది. ఎంత చేయించాలి, ఎప్పుడు ఆపాలి, ఎవరికి ఎంత అన్న మూడు ప్రశ్నలకు మనిషి జవాబులు కనిపెడుతూ, మరిచిపోతూ, మళ్ళీ కనిపెడుతూ వచ్చాడు.

మైలో దూడ, జెరీనస్ మరణం

బలం పెంచుకోవడం గురించి ఎక్కడ పాఠం మొదలుపెట్టినా చెప్పే కథ క్రొటోన్ నగరపు మైలోది. ఇటలీ దక్షిణాన ఉన్న ఆ గ్రీకు పట్టణంలో క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో బతికిన మల్లుడు. ఒలింపిక్స్‌లో ఆరుసార్లు గెలిచాడు, అందులో ఒకటి బాలుర విభాగంలో. రోజూ ఒక దూడను భుజాన వేసుకుని మోసేవాడని, దూడ పెరిగి ఎద్దయ్యేసరికి ఎద్దునే మోయగలిగాడని చెప్పుకునేవారు. కథలో నిజం ఎంతున్నా నీతి గట్టిది. భారం కొద్దికొద్దిగా పెరగాలి, రోజూ పని జరగాలి.

ఈ కథతోనే ఒక చిక్కు కూడా ఉంది. దూడ ఆగకుండా పెరుగుతుంది. మనిషి అలా పెరగడు. జ్వరమొచ్చిన రోజు ఉంటుంది, నిద్రపట్టని రాత్రి ఉంటుంది. దూడ ఎంత పెరిగిందో చూస్తే సరిపోదు, మోసేవాడు ఎలా ఉన్నాడో కూడా చూడాలి.

ఆ రెండో పాఠం కూడా గ్రీకుల దగ్గరే ఉంది. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఫిలోస్ట్రాటస్ అనే రచయిత వ్యాయామ శిక్షణ మీద ఒక గ్రంథం రాశాడు. అప్పటి శిక్షకులు నాలుగు రోజుల చక్రం పాటించేవారు. మొదటి రోజు సన్నాహం, రెండో రోజు పూర్తి బలంతో శ్రమ, మూడో రోజు విశ్రాంతి, నాలుగో రోజు మధ్యరకం. వినడానికి ఎంతో శాస్త్రీయంగా ఉంది. అయితే జెరీనస్ అనే మల్లుడు ఒలింపియాలో గెలిచి, విందులో తిని తాగి, ఆ తర్వాత ఒంట్లో బాగాలేదని శిక్షకుడితో చెప్పుకున్నాడు. శిక్షకుడికి కోపం వచ్చింది. చక్రం తప్పకూడదని పట్టుబట్టి కసరత్తు చేయించాడు. ఆ మల్లుడు ఆ కసరత్తులోనే ప్రాణం విడిచాడు. ప్రణాళిక ఉండటం వేరు, ఎదురుగా ఉన్న మనిషిని చూసి ప్రణాళికను మార్చుకోవడం వేరు అని ఫిలోస్ట్రాటస్ పదిహేడు వందల ఏళ్ళ కిందటే హెచ్చరించాడు.

సగం బలం

మన దేశంలో ఇదే ప్రశ్నకు వైద్యులు జవాబు చెప్పారు. సుశ్రుత సంహిత వ్యాయామాన్ని ఎంతో మెచ్చుకుంటూనే, తన బలంలో సగం దాకానే చేయాలని హద్దు పెట్టింది. సగం అయిందని ఎలా తెలుస్తుంది? నుదుట, ముక్కు మీద, చంకల్లో చెమట పట్టడం, నోరు ఎండడం గుర్తులుగా ఆయుర్వేదం చెప్పింది. హద్దు దాటితే వచ్చే రోగాల జాబితా కూడా ఇచ్చింది. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో ఇంకో మెట్టు ఎక్కి కాలాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడు. బలమైన తిండి తినే బలవంతులు చలికాలంలోనూ వసంతంలోనూ సగం బలంతో చేయాలి, మిగతా కాలాల్లో ఇంకా తగ్గించాలి అన్నాడు. అందరికీ పది రౌండ్లు అన్న లెక్క ఇక్కడ లేదు. "నీ బలంలో" సగం. ఎవరి కొలత వారిది.

పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో మల్లుల గురించి ఒక భాగం ఉంది. మల్లులను వయసు, ఒడ్డూ పొడుగూ, బలాన్ని బట్టి తరగతులుగా విడదీసి, వారి కసరత్తు గురించీ ఆహారం గురించీ అందులో చెప్పాడు. రాజు తన వినోదం కోసం రాసుకున్న గ్రంథంలోనే అంత వివరం ఉందంటే, గోదాల్లో పనిచేసే గురువులకు ఇంకెంత తెలిసి ఉండాలి!

ఆ గోదాలు మన ప్రాంతంలో తాలింఖానాలుగా, గరిడీలుగా మొన్నమొన్నటిదాకా బతికాయి. దండీలు, బస్కీలు, గదలు తిప్పడం, సాము. సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు మనలో చాలామంది చూసినవే. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో ఎదిగిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఆ నేల మనిషే. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసులు తెంచడం, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకోవడం చూసి జనం ఆయనను కలియుగ భీముడన్నారు. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారన్న సంగతి మాత్రం తక్కువమందికి గుర్తుంది. సర్కస్ వీరుడు కాకముందు ఆయన ఒక డ్రిల్లు మాస్టారు.

గరిడీలో గురువు దగ్గర పదిమందో పదిహేనుమందో ఉండేవారు. ఎవడు నిన్న ఎన్ని బస్కీలు తీశాడో, ఎవడికి భుజం పట్టేసిందో, ఎవడింట్లో తిండికి కరువో ఆయన కంటికి తెలుసు. ఆ విద్య పుస్తకంలో లేదు, గురువు కంట్లో ఉంది.

కన్ను పోయింది, ఈల మిగిలింది

బడిలోకి వ్యాయామం ఇంకో దారిలో వచ్చింది. 1811లో ఫ్రెడ్రిక్ యాన్ బెర్లిన్‌లో బహిరంగ వ్యాయామ మైదానం తెరిచాడు. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాసంస్థ స్థాపించాడు. నెపోలియన్ యుద్ధాల కాలం అది. యువకులను దృఢంగా, క్రమశిక్షణతో తయారుచేయడం వారి ఆశయం. వందమంది వరుసల్లో నిలబడి ఒకే ఆజ్ఞకు ఒకేసారి చేతులెత్తే పద్ధతి అక్కడి నుంచి సైన్యాలకూ బడులకూ పాకింది. ఆంగ్లేయుల పాలనలో మన బడులకూ వచ్చింది. డ్రిల్లు అన్న మాటే సిపాయిల మాట.

1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించారు. దక్షిణాదిలో తరాల తరబడి వ్యాయామ ఉపాధ్యాయులు తయారైంది అక్కడే. ఆ కళాశాల చేసిన మేలు చిన్నది కాదు. ఆటలు బడిలో భాగమయ్యాయి, డ్రిల్లు మాస్టారుకు ఒక చదువు, ఒక గౌరవం వచ్చాయి. అయితే ఒక్క మాస్టారుకు వందల మంది పిల్లలు. గరిడీ గురువుకున్న కన్ను ఎంత మంచి మాస్టారుకైనా అన్ని వందల మంది మీద ఎలా పనిచేస్తుంది? పోయిన ఆ కంటి బదులు ఇంకేదో కావాలి. అది దొరికేదాకా మాస్టారు చేతిలో ఈల మాత్రం మిగిలింది.

ఇనుము మీద భయం

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంకో నమ్మకం గట్టిగా ఉండేది. బరువులెత్తితే కండలు బిగుసుకుపోతాయి, ఆటగాడు మందగిస్తాడు అన్నది ఆ నమ్మకం. పరుగు మాస్టారు, ఫుట్‌బాల్ మాస్టారు, అందరూ అదే మాట. బక్ చదువుకున్న అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలోనూ ఆచార్యులు అదే నమ్మేవారు. 1940లో అక్కడికి జాన్ గ్రిమెక్ అనే బరువుల వీరుణ్ణి ప్రదర్శనకు తీసుకొచ్చారు. పీటర్ కార్పొవిచ్ అనే ఆచార్యుడు వీపు మధ్యలో గోక్కోగలవా అని అడిగాడు. కండలు పట్టేసినవాడికి చెయ్యి అక్కడిదాకా వెళ్ళదని ఆయన అనుమానం. గ్రిమెక్ తేలిగ్గా గోక్కుని చూపించాడు. కాళ్ళు రెండూ పూర్తిగా చాపి నేలకు ఆనించి కూడా చూపించాడు.

కార్పొవిచ్ గొప్పతనం ఏమిటంటే అక్కడితో నవ్వేసి వదిలెయ్యలేదు. 1951లో ఒక సహచరుడితో కలిసి ఆరువందల మందిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించాడు. మూడువందల మంది బరువులెత్తేవారు, మూడువందల మంది ఎత్తనివారు. చేతిని గుండ్రంగా ఎంత వేగంగా తిప్పగలరో కొలిస్తే, బరువులెత్తేవారే ముందున్నారు. తన నమ్మకం తప్పని తానే నిరూపించిన ఉపాధ్యాయుడాయన.

ఈలోగా యుద్ధం ఇంకో తలుపు తెరిచింది. చికాగోలోని సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సిపాయిలు నెలల తరబడి మంచాలమీద ఉండిపోయేవారు. థామస్ డిలోర్మ్ అనే యువవైద్యుడు వారి పాదాలకు బరువులు కట్టి, కొలత ప్రకారం ఎత్తించడం మొదలుపెట్టాడు. 1945లో ఆ ఫలితాలు వైద్య పత్రికలో వచ్చాయి. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో ముందు కనుక్కోవాలి. అదే వాడి కొలత. వారానికోసారి మళ్ళీ కొలిచి పెంచాలి. మొదట్లో ఆయన ఏడు నుంచి పది విడతలు చేయించేవాడు. అంత అక్కర్లేదని తర్వాత అనుభవంలో తేలింది. 1948 నాటికి వాట్కిన్స్ అనే సహచరుడితో కలిసి మూడు విడతలకు తగ్గించాడు. మొదటిది ఆ బరువులో సగంతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తి బరువుతో. ఈ రోజు ఏ జిమ్ములో చూసినా "మూడు సెట్లు, పది చొప్పున" అని గోడ మీద కనిపించే మాట ఆ ఆసుపత్రి నుంచి వచ్చిందే. మైలో దూడకు తూకం రాయి దొరికింది. గురువు కన్ను పోయిన చోట పుస్తకంలో అంకె చేరింది.

విశ్రాంతిని కొలిచినవారు

భారాన్ని కొలవడం సగం పని. విశ్రాంతిని కొలవడం మిగతా సగం. జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైండెల్ అనే హృదయ వైద్యుడు కలిసి పరుగును ముక్కలు చేశారు. చిన్న దూరం వేగంగా పరిగెత్తించి గుండె నిమిషానికి 180సార్లు కొట్టుకునేదాకా తెచ్చి, అది 120కి దిగేదాకా ఆగి, మళ్ళీ పరిగెత్తించేవారు. 120కి దిగడానికి మరీ ఎక్కువసేపు పడితే ఆ రోజుకు చాలు. ఎప్పుడు ఆపాలో ఆటగాడి గుండే చెప్పేది. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా నిలిచింది. నేను సగంలో ఆగిపోయిన దూరం అదే కాబట్టి ఈ అంకె నాకు మరపురాదు.

1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకల మీద పరిశోధన చేసి ఒక చిన్న లేఖ ప్రచురించాడు. ఏ కష్టం ఎదురైనా శరీరం మొదట బెదురుతుంది, తర్వాత తట్టుకుంటుంది, కష్టం ఆగకపోతే చివరికి చతికిలపడుతుంది అని దాని సారం. ఆటల కోసం రాసింది కాకపోయినా, శిక్షకులు దాన్ని పట్టుకున్నారు. ఒకే భారం ఏడాది పొడవునా మోపితే ఆటగాడు మూడో దశకు చేరతాడని వారికి అర్థమైంది. సోవియట్ యూనియన్‌లో లెవ్ మత్వేయెవ్ ఆటగాళ్ళ శిక్షణ రికార్డులను గుట్టలుగా పరిశీలించి, 1960లలో సంవత్సరాన్ని దశలుగా విభజించే పద్ధతిని సిద్ధాంతంగా రాశాడు. ముందు ఎక్కువ పని, తక్కువ తీవ్రత. పోటీ దగ్గరపడేకొద్దీ పని తగ్గి తీవ్రత పెరుగుతుంది. పోటీ తర్వాత విరామం. మన రైతు దుక్కి, విత్తు, కోత, బీడు అన్నట్టే.

అదే కాలంలో న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే ఆర్థర్ లిడియార్డ్ తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని ఇలాంటి దశలనే కనిపెట్టాడు. మొదట నెలల తరబడి నింపాదిగా దూరాలు, తర్వాత కొండదారుల్లో కాళ్ళకు బలం, చివర్లో వేగం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. ప్రయోగశాల లేని మామూలు మనిషి కూడా వరుసక్రమం తెలిస్తే ఎంత చేయగలడో చెప్పే ఉదాహరణ ఇది.

బడికి సరిపోయిన లెక్క

మనలాంటి బడులకు నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయానిది. 1950లలో అక్కడ మోర్గన్, ఆడమ్‌సన్ అనే ఇద్దరు అధ్యాపకులు సర్క్యూట్ శిక్షణ రూపొందించారు. హాలు చుట్టూ తొమ్మిది నుంచి పన్నెండు చోట్ల ఒక్కో కసరత్తు. మొదటిరోజు ప్రతి విద్యార్థీ ప్రతి చోటా తాను చేయగలిగినన్ని చేసి ఆ అంకె రాసుకుంటాడు. అందులో సగం వాడి మోతాదు. ఆ మోతాదుతో మూడు చుట్లు తిరగాలి, పట్టిన సమయం తగ్గించుకోవాలి. కొన్ని వారాలకు మళ్ళీ పరీక్ష, కొత్త మోతాదు. ఒకే సమయంలో ఒకే హాల్లో నలభై మంది చేస్తున్నా ఎవరి లెక్క వారిదే. నలభై దండీలు తీసేవాడు ఇరవై, ఎనిమిది తీసేవాడు నాలుగు. ఇద్దరూ సమానంగా కష్టపడినట్టే. సుశ్రుతుడి సగం బలం వాళ్ళకు తెలిసి ఉండకపోవచ్చు గానీ, నడిచి నడిచి అదే మైలురాయి దగ్గరికి చేరారు.

1969లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం బాయిడ్ ఎప్లీ అనే యువకుణ్ణి ఫుట్‌బాల్ జట్టుకు బలం పెంచే శిక్షకుడిగా తీసుకుంది. ఎప్లీ పోల్ వాల్ట్ చేసేవాడు, నడుముకు దెబ్బ తగిలాక బరువుల గదిలో ఉండేవాడు. ప్రధాన శిక్షకుడికి పాత భయం పోలేదు. ఎవరైనా ఒక్కడు మందగించినా నీ ఉద్యోగం ఉండదని ముందే చెప్పాడు. అందుకే ఎప్లీ ప్రతిదీ కొలిచాడు, ప్రతిదీ రాశాడు. పరుగు సమయం, గెంతు ఎత్తు, ఎత్తిన బరువు. 1970, 1971లలో ఆ జట్టు జాతీయ విజేత అయింది. 1978లో ఆయన పూనికతో బలం శిక్షకుల జాతీయ సంఘం ఏర్పడి, ఇది ఒక ప్రత్యేక వృత్తి అయింది. పిల్లలు బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారన్న భయం మన ఊళ్ళలో ఇంకా ఉంది. తగిన పర్యవేక్షణలో, తగిన భారంతో చేయిస్తే పిల్లలకూ బలం శిక్షణ మేలే అని ఆ సంఘం 1985లోనే ప్రకటించింది.

ఆముదాలవలస పాఠం

ఇదంతా పరదేశీ కథ అనుకోవద్దు. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి గారు 1994, 1995లలో ప్రపంచ విజేత అయ్యారు. 2000 సిడ్నీలో, ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి ప్రవేశపెట్టిన ఏడాదే, 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన పక్క ఊరి ఆడపిల్ల. పెద్ద హాళ్ళు లేని చోట నీలంశెట్టి అప్పన్న గారి లాంటి శిక్షకుడి దగ్గర పన్నెండేళ్ళ వయసులో ఆమె మొదలుపెట్టారు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో దాచడానికి ఏమీ ఉండదు. నిన్న ఎంత, ఈ రోజు ఎంత, పోటీనాటికి ఎంత అన్నీ కిలోల్లో తేలతాయి. అందుకే మిగతా ఆటలకంటే ముందు రాసుకోవడం ఆ ఆట నేర్చుకుంది. ఇనుపరాడ్డు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ రాడ్డుకు ఈ పిల్లకు ఈ వారం ఎంత వెయ్యాలో తెలిసిన మనిషి దొరకడమే కష్టం.

మన వ్యాయామశాల గురించి ఒక మనవి

మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పొద్దున్నే మన మైదానానికి వెళ్ళాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకర్తె మోకాటికి గుడ్డ కట్టుకుని పరిగెడుతోంది. ఆపి మాట్లాడించాను. ఉదయం పరుగు, సాయంత్రం ఖోఖో, ఆదివారం కబడ్డీ. మూడింటికీ వేర్వేరు సార్లు. ఎవరికి వారు పూర్తి పని చేయిస్తున్నారు. బడికి రానూపోనూ సైకిలు. పొద్దున్న టీ తాగి వస్తుంది. మోకాలేమైందమ్మా అంటే నవ్వింది.

"ఏటీ లేదు సార్. పరిగెడితే అదే పోతాది."

నలభై ఏళ్ళ తర్వాత అదే మైదానంలో, అదే మాట. ఈసారి పిల్ల నోటి నుంచి. ఆ ముగ్గురు సార్లలో చెడ్డవారు ఎవరూ లేరు. మొత్తం ఎంత భారం పడుతోందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు, అంతే.

అందుచేత కార్యవర్గానికీ, బడి ఉపాధ్యాయులకూ నా విన్నపం ఇది. షెడ్డు కట్టండి, ఇనుము కొనండి. అంతకుముందే మూడు పనులు జరగాలి.

ఒకటి, ఆటలాడే ప్రతి పిల్లకూ ఒక నోటుపుస్తకం. తేదీ, ఏం చేశారు, ఎన్ని నిమిషాలు, ఎంత కష్టమనిపించింది, నిద్ర, నొప్పి. కష్టాన్ని సున్నా నుంచి పది దాకా పిల్లే అంకె వెయ్యాలి. అమెరికాలో కార్ల్ ఫాస్టర్ అనే శాస్త్రవేత్త చూపిన తేలిక లెక్క ఇది. నలభై నిమిషాలు ఆడి కష్టం ఆరు అని రాస్తే ఆ రోజు భారం 240. వారం మొత్తం కూడితే ఎవరికి ఎంత పడుతోందో తెలిసిపోతుంది. గడిచిన వారాల కంటే ఒక్కసారిగా అంకె ఎగబాకితే అక్కడ ఆగి చూడాలి. కూడికలు, గుణకారాలు మన లెక్కల మాస్టార్లు సరదాగా చేయించగలరు. ఏ ఆట చేయించే సారైనా ముందు ఆ పుస్తకం తెరిచి చూడాలి.

రెండు, ఖర్చులేని సన్నాహం. ఫిఫా సంస్థ 2006 ప్రాంతంలో రూపొందించిన "11 ప్లస్" అన్న ఇరవై నిమిషాల వ్యాయామ క్రమం ఉంది. పరుగు, తొడ వెనక కండరాలకు బలం, ఒంటికాలి మీద నిలకడ, గెంతి సరిగ్గా దిగడం. పరికరాలు అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లతో చేయించి చూస్తే మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2008లో ప్రచురించారు. మన కబడ్డీ, ఖోఖో పిల్లలకు మోకాలే ప్రాణం. దీన్ని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. పక్కనే లీడ్స్ పద్ధతిలో చేయగలిగినదాంట్లో సగం మోతాదుతో సర్క్యూట్ పెడితే, ఇనుము రాకముందే సగం వ్యాయామశాల వచ్చినట్టే.

మూడు, మనిషి. నిధిలో కొంత భాగం విడిగా తీసి, చదువుకున్న శిక్షకుణ్ణి కనీసం మూడేళ్ళపాటు నియమించండి. పరికరాలు ఇచ్చినవారి పేరు పలకమీద చెక్కిస్తాం. జీతం ఇచ్చినవారి పేరు చెక్కడానికి పలక ఉండదు. అయినా మన సంఘంలో అలాంటి దాతలు ఉన్నారని నాకు తెలుసు. నా వంతుగా ఏడాదిలో మూడు నెలలు బడిలో ఉండి పుస్తకాలు చూస్తాను.

ఈ వ్యాసం కోసం ప్రధానోపాధ్యాయులు గారి అనుమతితో ఆటల గది పాత స్టాకు రిజిస్టరు తిరగేశాను. మా మాస్టారి చేతిరాత గుర్తుపట్టాను. ఇనుప గుండ్లు రెండు, డిస్కస్ ఒకటి, ఈటె ఒకటి విరిగినది, వాలీబాల్ వల ఒకటి, ఈలలు రెండు. పోయిన ప్రతి వస్తువుకూ సంతకం ఉంది. అంత శ్రద్ధగా రాసే మనిషికి పిల్లల కోసం ఇలాంటి పుస్తకం ఒకటి ఇచ్చి ఉంటే, దాన్ని కూడా అంతే శ్రద్ధగా రాసేవారు. అలాంటిది ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి చేతికి మొదటి నోటుపుస్తకం నేనే కొనిచ్చి వచ్చాను. మొదటి పేజీలో ఆమె రాసిన మొదటి అంకె మోకాటి నొప్పిది. పదికి ఏడు. రెండు వారాలు పరుగు ఆపించి, గెంతులు లేకుండా తొడకు బలం వచ్చే కసరత్తులు రాసిచ్చాను, డాక్టరుకు చూపించమని వాళ్ళ నాన్నగారికి చెప్పాను. మొన్న ఫోన్‌లో మూడు అంది. వచ్చే జోనల్స్‌కు ఆమె 800 మీటర్లు పరిగెడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. సగంలో ఆగిపోకూడదనే నా కోరిక.